నివాస వీధులలో పార్కింగు నియమాలు

నివాస వీధులలో పార్కింగు నియమాలు అనగా జనావాస ప్రాంతాలలోని ప్రజా వీధులలో మోటారు వాహనాలను ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఏ విధంగా నిలుపవచ్చునో నిర్ణయించే చట్టాలు, స్థానిక నిబంధనలు. ఇంటి ముందరి వీధి ఆ ఇంటివారిదే అన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉన్నప్పటికీ, చట్టం దృష్టిలో వీధి రాకపోకల కొరకు ఏర్పడిన ప్రజా స్థలం. అక్కడ వాహనం నిలుపుకోవడం ఒక హక్కు కాదు. ఇతరులకు ఆటంకం కలగనంత వరకు లభించే వెసులుబాటు మాత్రమే. వివిధ దేశాలలోని పార్కింగు నియమాలు దాదాపు అన్నీ ఈ ఒక్క సూత్రాన్ని వేర్వేరు పద్ధతులలో అమలు పరచేవే.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, రాష్ట్రాల పురపాలక చట్టాలు, భవన నిర్మాణ నిబంధనలు, నగర పోలీసు ఉత్తర్వులు కలిసి ఈ విషయాన్ని నియంత్రిస్తున్నాయి. ఈ వ్యాసంలో ముఖ్యంగా భారతదేశంలోని, అందునా తెలుగు రాష్ట్రాలలోని పరిస్థితి, పోలిక కొరకు కొన్ని ఇతర దేశాల పద్ధతులు వివరించబడినవి.

పదాల అర్థం

ప్రయాణికులను ఎక్కించుకొనుటకు, దించుటకు, లేదా సామాను దింపుటకు వాహనాన్ని కొద్దిసేపు ఆపడం "ఆపుట". ఆ పని పూర్తయిన తరువాత కూడా వాహనాన్ని అక్కడే ఉంచడం "నిలుపుట" లేదా పార్కింగు. రోడ్డు గుర్తులలోనూ ఈ తేడా కనబడుతుంది. ఎర్రని అంచు గల నీలి వృత్తంలో ఒకే ఎర్ర గీత అడ్డంగా ఉన్నచో అక్కడ పార్కింగు నిషిద్ధం. అదే వృత్తంలో రెండు ఎర్ర గీతలు ఒకదానినొకటి ఖండించుకుంటూ ఉన్నచో అక్కడ వాహనాన్ని ఆపడం కూడా నిషిద్ధమే.

"ప్రజా స్థలం" అను మాటకు మోటారు వాహనాల చట్టం 2వ సెక్షను విస్తృతమైన అర్థం ఇచ్చినది. ప్రజలకు ప్రవేశించే హక్కు గల ఏ రోడ్డు అయినా, వీధి అయినా, దారి అయినా అది ప్రజా స్థలమే. అది ఒక చివర మూసుకుపోయిన సందు అయినా సరే. కావున కాలనీలోని చిన్న వీధులకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

వీధి ఎవరిది?

పట్టణాలలోని ప్రజా వీధులు పురపాలక చట్టాల ప్రకారం స్థానిక సంస్థ అధీనంలో ఉంటాయి. కొత్త లేఅవుట్లు మంజూరు చేసేటప్పుడు అందులోని రోడ్లను స్థానిక సంస్థకు అప్పగించడం పరిపాటి. అందుచేత ఇంటి స్థలం దస్తావేజులో హద్దుగా "రోడ్డు" అని వ్రాసి ఉన్నచోట యజమాని హక్కు ముగుస్తుంది. ఆస్తిపన్ను చెల్లించినందువలన గాని, వాహనం కొన్నప్పుడు జీవితకాలపు పన్ను చెల్లించినందువలన గాని వీధిలో స్థలంపై హక్కు సంక్రమించదు.

అయినను తెలుగునాట ఇంటి ముందరి స్థలంతో గృహస్థులకు గల అనుబంధం పాతది. ప్రతి ఉదయం ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసే వాకిలి చాలా ఊళ్ళలో నిజానికి వీధిలోనే ఉంటుంది. ఇంటి అరుగులు వీధిలోకి ఉండడం, పెళ్ళికి వీధిలోనే పందిరి వేయడం కూడా అలవాటు. ఈ స్థలాన్ని శుభ్రంగా ఉంచే బాధ్యతను ఇంటివారు తీసుకున్నందున, ఆ స్థలం తమదేనన్న భావన కూడా సహజంగా ఏర్పడినది. పందిరి రెండు మూడు రోజులకు తొలగిపోయేది. కారు మాత్రం ప్రతి రాత్రీ ఉంటుంది. ఇరుగుపొరుగుల మధ్య పార్కింగు తగాదాలలో అధికభాగానికి మూలం ఈ పాత భావనకు, చట్టానికి మధ్య గల అంతరమే.

చరిత్ర

బాటను ఆక్రమించరాదన్న నియమం మోటారు వాహనాలకంటే చాలా పురాతనమైనది. అస్సీరియా రాజు సెన్నాకెరిబ్ (క్రీ.పూ. 7వ శతాబ్ది ప్రారంభం) నినెవే నగరంలోని రాచబాటలోకి ఎవరూ ఇల్లు జరిపి కట్టరాదని, అట్లు చేసినవారికి మరణశిక్ష తప్పదని శాసనం వేయించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో దారులను ఆటంకపరచినవారికి జరిమానాలు విధించబడినవి. మనుషులు, చిన్న పశువులు నడిచే దారికంటే పెద్ద పశువుల దారికి, దానికంటే ఏనుగుల దారికి జరిమానా ఎక్కువ.

తెలుగు పల్లెలలో ఎడ్లబండ్లు గల రైతులు వాటిని పశువుల కొట్టం వద్దనో, పెరటిలోనో, దొడ్డిలోనో ఉంచుకునేవారు. అనగా బండి గలవానికి బండి నిలుపుకునే చోటు కూడా ఉండేది.

ఆంగ్లేయుల పాలనలో వచ్చిన 1861 నాటి పోలీసు చట్టం 34వ సెక్షను ఈ విషయంలో గమనింపదగినది. ఆ సెక్షను అమలులో ఉన్న పట్టణాలలో సరుకు ఎత్తి దించుటకు, లేదా మనుషులను ఎక్కించి దించుటకు అవసరమైన దానికంటే ఎక్కువసేపు బండిని గాని, పశువును గాని వీధిలో నిలిపి ఇతరులకు అడ్డు కలిగించడం నేరం. దీనికి 50 రూపాయల వరకు జరిమానా లేదా 8 రోజుల వరకు జైలుశిక్ష విధించవచ్చును. పార్కింగునకు, ఆపుటకు గల తేడా అప్పటికే ఈ సెక్షనులో ఉన్నది.

భారతదేశంలో మోటారు వాహనాలకు సంబంధించిన తొలి అఖిల భారత చట్టం 1914లో వచ్చినది. దాని స్థానంలో 1939లో మరొకటి, 1988లో ప్రస్తుత చట్టం వచ్చాయి. ప్రస్తుత చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చినది. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదల, 1991 తరువాతి ఆర్థిక సంస్కరణలు, బ్యాంకుల వాహన ఋణాలు మధ్యతరగతి ఇళ్ళకు కారును చేరువ చేశాయి. అయితే అంతకు పూర్వం ఏర్పడిన కాలనీలలో ఇళ్ళు గాని, వీధులు గాని కార్లను దృష్టిలో ఉంచుకుని నిర్మించినవి కావు.

భారతదేశంలో చట్టాలు

కేంద్ర చట్టం

మోటారు వాహనాల చట్టంలో నివాస వీధుల పార్కింగునకు వర్తించే సెక్షనులు ముఖ్యంగా ఇవి:

117వ సెక్షను: వాహనాలు నిలుపుకొనదగిన స్థలాలను రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చును. ఆ నిర్ణయంలో రోడ్డు వాడేవారి భద్రతకు, రాకపోకలకు ప్రాధాన్యత ఇవ్వాలని 2019 సవరణలో చేర్చబడినది.

122వ సెక్షను: ప్రజా స్థలంలో ఇతరులకు ప్రమాదం, ఆటంకం, లేదా మితిమీరిన అసౌకర్యం కలిగే విధంగా వాహనాన్ని వదలిపెట్టరాదు, నిలిపి ఉంచరాదు.

127వ సెక్షను: ప్రజా స్థలంలో 10 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు ఎవరూ లేకుండా వదలివేసిన వాహనాన్ని, లేదా పార్కింగు నిషేధించిన చోట నిలిపిన వాహనాన్ని, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అక్కడినుండి తరలించుటకు లేదా చక్రానికి క్లాంపు వేయుటకు ఆదేశించవచ్చును. తరలింపు ఖర్చు యజమానియే భరించాలి. రాకపోకలకు ప్రమాదకరంగా ఉన్న పాడుబడిన వాహనాన్ని వెంటనే తొలగించవచ్చును.

201వ సెక్షను: రాకపోకలకు అడ్డుగా వాహనాన్ని ఉంచినవారికి 500 రూపాయల వరకు జరిమానా.

వీటిలో రెండు విషయాలు సాధారణంగా ప్రజల దృష్టికి రావు. మొదటిది, 122వ సెక్షను వర్తించుటకు "నో పార్కింగ్" బోర్డు అవసరం లేదు. బోర్డు లేనిచోట నిలుపుట అనుమతించబడినదని భావించడం సరికాదు. రెండవది, 127వ సెక్షనులోని 10 గంటల పరిమితి. సాయంత్రం 8 గంటలకు వీధిలో నిలిపి, మరునాడు ఉదయం 8 గంటలకు తీసే కారు ఈ పరిమితిని దాటినట్లే. ఇది పోలీసులకు ఇచ్చిన అధికారమే గాని, ప్రతి వాహనాన్ని తప్పక తరలించాలన్న ఆదేశం కాదు. ఆచరణలో నివాస వీధులలో ఈ అధికారాన్ని అరుదుగా వాడుతారు.

వాహనం నిలుపరాని స్థలాలు

1989లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రహదారి నిబంధనలలోని 15వ నిబంధన పార్కింగునకు సంబంధించినది. దాని ప్రకారం ఈ క్రింది స్థలాలలో వాహనం నిలుపరాదు:

* కూడలి, మలుపు, ఎత్తైన వంతెన లేదా గుట్ట పైభాగం వద్ద
* కాలిబాట (ఫుట్‌పాత్) మీద
* ట్రాఫిక్ లైటు దగ్గర, పాదచారులు రోడ్డు దాటే చోట
* ప్రధాన రహదారిలో, వాహనాలు వేగంగా పోయే రోడ్డులో
* నిలిపి ఉన్న మరొక వాహనానికి ఎదురుగా
* నిలిపి ఉన్న మరొక వాహనానికి పక్కన, అనగా రెండవ వరుసగా
* బస్టాపు, పాఠశాల, ఆసుపత్రి ద్వారాల సమీపంలో
* ఏదైనా ఆవరణ గేటుకు, రోడ్డు గుర్తుకు, అగ్నిమాపక నీటి గొట్టానికి అడ్డుగా
* రోడ్డుకు తప్పు వైపున
* కాలిబాట అంచుకు దూరంగా, రోడ్డు మధ్యకు వచ్చేటట్లు

2017 జూన్‌లో ఈ నిబంధనల స్థానంలో మోటారు వాహనాల (డ్రైవింగు) నిబంధనలు వచ్చాయి. కాలిబాట, గేటు, కూడలి, రెండవ వరుస వంటి ప్రధాన నిషేధాలు వీటిలోనూ కొనసాగుతున్నాయి.

శిక్షలు

చట్టంలో వేరుగా శిక్ష చెప్పని ఉల్లంఘనలకు 177వ సెక్షను వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు 500 రూపాయల వరకు, మరల చేసినచో 1,500 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. డ్రైవింగు నిబంధనల ఉల్లంఘనకు 177ఎ సెక్షను ప్రకారం 500 నుండి 1,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. కోర్టుకు వెళ్ళకుండా చలానా రూపంలో చెల్లించే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కనుక అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ప్రజా మార్గంలో ఆటంకం కలిగించడం సాధారణ శిక్షాస్మృతి ప్రకారం కూడా నేరమే. భారతీయ శిక్షాస్మృతి 283వ సెక్షనులో దీనికి 200 రూపాయల జరిమానా ఉండేది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షనులో దీనిని 5,000 రూపాయల వరకు పెంచారు. వీధిలో శాశ్వతంగా నెలకొన్న ఆటంకాన్ని తొలగించుమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు కలదు.

స్థానిక సంస్థలు, పోలీసులు

74వ రాజ్యాంగ సవరణ (1993 జూన్ 1 నుండి అమలు) ద్వారా చేర్చబడిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన విషయాలలో వీధి దీపాలు, బస్టాపులతో పాటు పార్కింగు స్థలాలు కూడా ఉన్నాయి. అయితే ఒక వీధిలో పార్కింగు నిషేధించే ఉత్తర్వులు, చలానాలు పోలీసుల నుండి వెలువడుతాయి. హైదరాబాదులో నగర పోలీసు కమిషనరుకు 1348 ఫసలీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం కూడా ఇందుకు ఆధారం. వీధి ఒకరి అధీనంలో, ట్రాఫిక్ మరొకరి అధీనంలో, భవనాల అనుమతులు ఇంకొక విభాగం చేతిలో ఉండడం వలన నివాస వీధుల పార్కింగు పూర్తిగా ఎవరి బాధ్యతగానూ లేకుండా పోయిందన్న విమర్శ ఉన్నది.

తెలుగు రాష్ట్రాలలో

భవన నిర్మాణ నిబంధనలు

తెలుగు రాష్ట్రాలలో నివాస పార్కింగును వీధి నియమాలకంటే ఎక్కువగా భవన నియమాల ద్వారా నియంత్రించే ప్రయత్నం జరిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్‌లో జారీచేసిన భవన నిర్మాణ నిబంధనలు (జీ.ఓ. 168) అపార్టుమెంట్ల నిర్మాణ వైశాల్యంలో నిర్ణీత శాతం మేరకు పార్కింగు స్థలం చూపాలని ఆదేశించాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఈ నిబంధనలు సవరణలతో కొనసాగాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో (జీ.ఓ. 119) వేరుగా నిబంధనలు జారీచేసినది.

ఈ స్థలం భూమట్టానికి దిగువన ఉంటే సెల్లారు అని, స్తంభాలపై లేపిన భవనం క్రింద నేలమీద ఉంటే స్టిల్టు అని అంటారు. ప్లానులో పార్కింగుగా చూపిన సెల్లారును దుకాణంగానో, గోదాముగానో మార్చడం, స్టిల్టులో గదులు కట్టడం సామాన్యంగా కనిపించే ఉల్లంఘనలు. అట్లు మార్చిన ప్రతి భవనం తన వాహనాలను వీధిలోకి నెట్టినట్లే అవుతుంది. స్టిల్టు పార్కింగును ఫ్లాటుతో సంబంధం లేకుండా విడిగా అమ్మే హక్కు నిర్మాణదారుకు లేదని, అది నివాసుల ఉమ్మడి స్థలమని మహారాష్ట్ర చట్టానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న తీర్పు ఇచ్చినది.

పాత కాలనీలలోని విడి ఇళ్ళ విషయం భిన్నమైనది. ఒక కుటుంబం కొరకు కట్టిన ఇల్లు కాలక్రమంలో మూడు నాలుగు అంతస్తులై, అంతస్తుకు ఒకటి రెండు కుటుంబాలు అద్దెకు చేరుతాయి. గేటు లోపల ఒక కారుకు మాత్రమే చోటు ఉంటుంది. మిగిలిన వాహనాలకు వీధియే గతి.

వీధి వెడల్పు

తెలుగు పట్టణాలలో నివాస వీధులను 20, 30, 40 అడుగుల రోడ్లుగా చెప్పుకోవడం పరిపాటి. అద్దాలు, కాలువ పక్కన వదలే జాగా కలుపుకుని ఒక కారు సుమారు 2 మీటర్ల వెడల్పును ఆక్రమిస్తుందనుకుంటే మిగిలే దారి ఈ విధంగా ఉంటుంది:

* 20 అడుగుల వీధి (సుమారు 6.1 మీటర్లు): ఒక వైపు నిలిపితే 4.1 మీటర్లు, రెండు వైపులా నిలిపితే 2.1 మీటర్లు
* 30 అడుగుల వీధి (సుమారు 9.1 మీటర్లు): ఒక వైపు నిలిపితే 7.1 మీటర్లు, రెండు వైపులా నిలిపితే 5.1 మీటర్లు
* 40 అడుగుల వీధి (సుమారు 12.2 మీటర్లు): ఒక వైపు నిలిపితే 10.2 మీటర్లు, రెండు వైపులా నిలిపితే 8.2 మీటర్లు

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వాహనం వెడల్పు గరిష్ఠంగా 2.6 మీటర్లు ఉండవచ్చును. పెద్ద అగ్నిమాపక శకటాలు ఈ పరిమితికి దగ్గరగా ఉంటాయి. కావున 20 అడుగుల వీధిలో రెండు వైపులా కార్లు నిలిపినచో అగ్నిమాపక శకటం లోనికి రాలేదు. నిలిపిన వాహనానికి ఎదురుగా మరొకటి నిలుపరాదన్న 1989 నిబంధనకు గల కారణం ఈ లెక్కలో స్పష్టమవుతుంది. మెట్లు, ర్యాంపులు, విద్యుత్ స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వీధిలోకి వచ్చినచోట మిగిలే దారి ఇంకా తగ్గుతుంది. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ వంటి వాటికి రోగి ఇంటి గుమ్మం వరకు దారి ఉండడం ముఖ్యం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. 30 అడుగుల వీధిలో రెండు వైపులా ఇట్టి కాలిబాటలు వేస్తే వాహనాలకు మిగిలేది 5.5 మీటర్లు. అప్పుడు ఒక వైపు పార్కింగునకు మాత్రమే వీలుంటుంది. రెండు వైపులా కార్లు నిలుపుకోవాలంటే కాలిబాటలు వదులుకోవలసినదే. పెక్కు కాలనీలలో కాలిబాటలు లేకపోవుటకు, వృద్ధులు, పిల్లలు వాహనాల మధ్య నడువవలసి వచ్చుటకు ఇది ఒక కారణం. కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) లో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న పేర్కొన్నది.

గృహస్థుల స్వంత ఏర్పాట్లు

నివాస వీధులలో అధికారిక బోర్డులకంటే గృహస్థులు పెట్టుకున్నవే ఎక్కువగా కనిపిస్తాయి. వీటి చట్టబద్ధత ఈ విధంగా ఉన్నది:

గేటుపై బోర్డు: "గేటు ముందు వాహనములు నిలుపరాదు" అన్న బోర్డు కేవలం విజ్ఞప్తి. అయితే గేటుకు అడ్డుగా నిలుపరాదన్నది ఎలాగూ చట్టంలోని నియమమే కనుక, బోర్డు ఉన్నా లేకున్నా గేటుకు అడ్డు పెట్టడం తప్పే. గేటుకు పక్కనున్న ప్రహరీ పొడవునా ఇతరులు నిలుపకుండా చేసే అధికారం మాత్రం ఆ బోర్డుకు లేదు.

"గాలి తీయబడును" అన్న హెచ్చరిక: టైర్లలో గాలి తీసే అధికారాన్ని ఏ చట్టమూ గృహస్థునికి ఇవ్వలేదు. టైరు కోయడం, అద్దం పగులగొట్టడం వంటివి భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను క్రింద ఆస్తి నష్టపు నేరాలు.

రాళ్ళు, పూలకుండీలు, గొలుసులు: తన కారు కొరకు స్థలం పట్టి ఉంచే ఉద్దేశ్యంతో వీధిలో వీటిని పెట్టడం ఆక్రమణ క్రిందికి వస్తుంది. స్థానిక సంస్థ వీటిని తొలగించవచ్చును.

కాలనీ సంఘాల స్టిక్కర్లు, గేట్లు: నివాసుల సంఘం తనలో తాను చేసుకున్న ఏర్పాటు సభ్యుల మధ్య సామరస్యానికి ఉపకరిస్తుంది. కాని ప్రజా వీధిలోకి ఇతరులను రానీయకుండా చేసే అధికారం, జరిమానా వసూలు చేసే అధికారం సంఘానికి లేవు. ప్రైవేటు ఆవరణలోని అంతర్గత రోడ్లకు ఇది వర్తించదు.

గేటుకు అడ్డుగా నిలిపిన వాహనం యజమాని తెలియనప్పుడు 112కు గాని, స్థానిక ట్రాఫిక్ పోలీసులకు గాని ఫిర్యాదు చేయవచ్చును. నెలల తరబడి కదలని పాత వాహనాల విషయంలో పోలీసులతో పాటు పురపాలక సంఘానికి కూడా వ్రాతపూర్వకంగా తెలుపవచ్చును.

ఇతర రాష్ట్రాల ప్రయత్నాలు

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పట్టణ భూమి విలువైనదని, పార్కింగు రుసుము ఆ విలువకు తగినట్లు ఉండాలని సూచించినది. 2016 డిసెంబరులో అప్పటి కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి ముప్పవరపు వెంకయ్యనాయుడు పార్కింగు స్థలం ఉన్నట్లు ధ్రువపత్రం చూపనిదే వాహనాన్ని రిజిస్టరు చేయకూడదన్న ఆలోచనను ప్రకటించాడు. అది దేశవ్యాప్త నియమంగా రూపొందలేదు. కొండ ప్రాంతమైన సిక్కింలో మాత్రం ఇటువంటి నియమం కలదు. 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ ఉద్దేశ్యాన్ని ప్రకటించినది.

ఢిల్లీలో నివాస ప్రాంతాల కాలిబాటలను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో ఆదేశించినది. అదే నెలలో ఢిల్లీ ప్రభుత్వం పార్కింగు స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించినది. వీటి ప్రకారం ఒక్కొక్క ప్రాంతానికి వేరుగా పార్కింగు ప్రణాళిక తయారుచేయాలి. కర్ణాటక ప్రభుత్వం 2021లో ప్రకటించిన బెంగళూరు పార్కింగు విధానంలో నివాస వీధులలో నిలిపే వాహనాలకు వార్షిక అనుమతి పత్రాలు ప్రతిపాదించబడినవి. చిన్న కారుకు సంవత్సరానికి 1,000 రూపాయల నుండి పెద్ద వాహనాలకు 5,000 రూపాయల వరకు రుసుము సూచించారు.

ఇతర దేశాలలో

జపాను

నివాస వీధులలో పార్కింగును అత్యంత కఠినంగా నియంత్రించిన దేశాలలో జపాను ఒకటి. 1962లో చేసిన చట్టం ప్రకారం కారు కొనేవారు దానిని ఉంచుకునే స్థలం రోడ్డుకు వెలుపల ఉన్నదని పోలీసుల వద్ద ధ్రువపత్రం పొందాలి. ఆ స్థలం స్వంతమైనా, అద్దెకు తీసుకున్నదైనా కావచ్చును గాని ఇంటికి 2 కిలోమీటర్లలోపు ఉండాలి. రోడ్డుపై ఒకే చోట 12 గంటలకు మించి, లేదా రాత్రివేళ 8 గంటలకు మించి వాహనం ఉంచడం నేరం. తేలికరకం చిన్న కార్లకు నియమాలు కొంత సడలించబడినవి. ధ్రువపత్రానికి గుర్తుగా కారుపై అతికించే స్టిక్కరును 2025 ఏప్రిల్ 1 నుండి రద్దు చేశారు. ధ్రువపత్రం మాత్రం కొనసాగుతున్నది. జపాను నివాస వీధులు చాలావరకు ఇరుకైనవి, కాలిబాటలు లేనివి. అయినప్పటికీ పిల్లలు నడిచి బడికి వెళ్ళుటకు అనువుగా ఉండుటకు, అక్కడ నిలిపిన వాహనాలు లేకపోవడం ఒక కారణంగా చెప్పబడుతుంది.

బ్రిటన్

లండనులో 1958లో పార్కింగు మీటర్లు ప్రవేశపెట్టబడినవి. తరువాత నివాస ప్రాంతాలను నియంత్రిత మండలాలుగా విభజించి, అక్కడి నివాసులకు రుసుముపై అనుమతి పత్రాలు ఇచ్చే పద్ధతి వ్యాపించినది. ఈ పత్రం ఆ మండలంలో ఖాళీ ఉన్నచోట నిలుపుకొనుటకే గాని, తన ఇంటి ముందే స్థలం ఉంటుందన్న హామీ కాదు. లండనులో కాలిబాటపై పార్కింగు 1974 నాటి చట్టం ద్వారా నిషేధించబడినది. స్కాట్లాండులో 2019 చట్టం ఆధారంగా 2023 డిసెంబరు నుండి ఈ నిషేధం అమలవుతున్నది.

అమెరికా

ప్రపంచంలో తొలి పార్కింగు మీటరు 1935 జూలైలో ఒక్లహోమా నగరంలో నెలకొల్పబడినది. వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ కౌంటీ, సమీపంలోని కార్యాలయాలకు వచ్చేవారు నివాస వీధులలో కార్లు నిలుపకుండా, పనివేళలలో స్థానికులకు మాత్రమే అనుమతి ఇచ్చినది. ఇది వివక్ష కాదని, రాజ్యాంగబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. దానితో ఈ పద్ధతి ఇతర నగరాలకు వ్యాపించుటకు మార్గం సుగమమైనది. న్యూయార్కులో 1950 నుండి వీధులు ఊడ్చే రోజులలో ఒక వైపు వాహనాలు తీసివేయవలసిన నియమం ఉన్నది. మంచు కురిసే నగరాలలో మంచు తొలగించే సమయంలో కూడా ఇటువంటి నియమాలు అమలవుతాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇవి నిత్యజీవితంలో భాగం.

వాదోపవాదాలు

కఠిన నియమాలను కోరేవారి వాదం ప్రకారం వీధిలో ఉచిత పార్కింగు నిజానికి ఉచితం కాదు. దాని ఖర్చును వాహనం లేనివారు కూడా భరిస్తున్నారు. ఢిల్లీ మాస్టర్ ప్లాను 2021 ఒక కారుకు బహిరంగ స్థలంలో 23 చదరపు మీటర్లు, సెల్లారులో 32 చదరపు మీటర్లు లెక్కగట్టినది. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) లో ఆర్థికంగా బలహీన వర్గాల ఇంటికి చెప్పిన వైశాల్యం 30 చదరపు మీటర్లు. అనగా సెల్లారులో ఒక కారుకు లెక్కగట్టిన చోటు ఒక పేద కుటుంబపు ఇంటికంటే ఎక్కువ. అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో ప్రచురించిన తన గ్రంథంలో ఉచిత పార్కింగు వాహనాల వాడకాన్ని పెంచుతుందని, వీధి పార్కింగునకు తగిన రుసుము వసూలు చేసి ఆ సొమ్మును ఆ వీధి బాగునకే వినియోగించాలని ప్రతిపాదించాడు.

దీనికి ఎదురు వాదం కూడా ఉన్నది. ఇరుకు ఇళ్ళలో అద్దెకుండే ఆటో, టాక్సీ డ్రైవర్లకు వాహనమే జీవనాధారం. రాత్రికి దానిని ఇంటి వద్ద వీధిలో నిలుపుకోక తప్పదు. స్థలం ఉన్నవారికే వాహనం అన్న నియమం ఇట్టివారికి భారమై, గేటు లోపల నాలుగు కార్లు పెట్టుకోగలిగిన వారిని తాకదు. ప్రజా రవాణా చాలినంత లేని పట్టణాలలో వాహనం విలాసం కాదని, ముందు బస్సులు పెంచి తరువాత నియమాలు తేవాలని కొందరి అభిప్రాయం. రుసుము విధిస్తే అది చెల్లించినవారు స్థలం తమ స్వంతమని భావించి తగాదాలు పెరుగుతాయన్న సందేహం కూడా వ్యక్తమైనది.

రెండు పక్షాలవారూ అంగీకరించే కనీస నియమాలు కొన్ని ఉన్నాయి. అగ్నిమాపక శకటం, అంబులెన్సు పోవుటకు దారి ఎల్లప్పుడూ వదలడం, ఇరుకు వీధులలో ఒకే వైపు నిలుపుట, మలుపుల వద్ద ఖాళీ ఉంచడం, భవనాలలో పార్కింగుగా చూపిన స్థలాన్ని పార్కింగునకే వాడడం అట్టివి. ఇందులో ఏదియు కొత్త చట్టం కోరేది కాదు. ఇవన్నీ ఇప్పటికే నియమాలలో ఉన్నవే, లేదా వాటినుండి నేరుగా వచ్చేవే.

ఇవి కూడా చూడండి

* మోటారు వాహనాల చట్టం, 1988
* పురపాలక సంఘం
* కాలిబాట
* అగ్నిమాపక దళం
* 108 అంబులెన్సు సేవ
* అపార్టుమెంటు